రైజింగ్ ఫోర్స్: వేగం పక్కన పెట్టి వినాల్సిన ఆల్బమ్

స్వీడన్ గిటార్ వాద్యకారుడు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పేరెత్తగానే మాట వేగం మీదికి పోతుంది. 1984లో వచ్చిన ఆయన తొలి సోలో ఆల్బమ్ 'రైజింగ్ ఫోర్స్'ని నెత్తిన పెట్టుకునేవాళ్లూ వేగం గురించే చెబుతారు, విసుక్కునేవాళ్లూ వేగం గురించే చెబుతారు. ఏళ్ల తరబడి విని, ఒక్కో పాటనీ గిటార్ మీద పట్టుకుని సాధన చేస్తే తేలేది వేరు. ఈ ఆల్బమ్‌లో చెవిలో నిలబడిపోయేవి నెమ్మదిగా నడిచే చోట్లే. 'బ్లాక్ స్టార్' అసలు బాణీని రెండుసార్లు విన్నవాళ్లెవరైనా కూనిరాగం తీయగలరు. వేగం ఆ బాణీకి పెట్టిన నగ. బాణీ లేకుండా నగ ఒక్కటే మిగిలితే ఎలా ఉంటుందో ఆయన తర్వాతి ఆల్బమ్‌లు చాలాచోట్ల చూపించాయి.

ఎనిమిది పాటలు, మొత్తం నలభై నిమిషాల లోపు. ఆరింటిలో గాత్రం లేదు. 'నౌ యువర్ షిప్స్ ఆర్ బర్న్‌డ్', 'ఎజ్ అబవ్, సో బిలో' రెండింటినీ అప్పటికి ఇరవై కూడా నిండని జెఫ్ స్కాట్ సోటో పాడాడు. కీబోర్డ్ యెన్స్ యొహాన్‌సన్, డ్రమ్స్ బారీమోర్ బార్లో. బేస్ గిటార్ మాల్మ్‌స్టీన్ తానే వాయించుకున్నాడు. దాని మంచిచెడ్డలు తర్వాత చెబుతాను. దాదాపు అంతా వాద్య సంగీతమే అయినా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 60వ స్థానం దాకా వెళ్లింది, గ్రామీ నామినేషన్ కూడా తెచ్చుకుంది.

మనవాళ్లకి ఈ సంగీతంలోకి దారి చాలా దగ్గర. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అని పిలిచే స్కేల్ మన 21వ మేళకర్త కీరవాణి స్వరాలే: స రి2 గ2 మ1 ప ద1 ని3. ఆల్బమ్ వెన్నెముక ఇదే. పంచమాన్ని షడ్జమం చేసుకుని అవే స్వరాలు పలికిస్తే 14వ మేళకర్త వకుళాభరణం వస్తుంది. ఆయన సోలోల్లో ఒక్కసారిగా తూర్పు దేశపు గాలి వీచినట్టు అనిపించే చోట్లన్నీ దాదాపు ఇవే. దిగేటప్పుడు చాలాసార్లు ని3 వదిలి ని2 పట్టుకుంటాడు, అంటే నఠభైరవి వైపు జారతాడు. ఈ ఒక్క మార్పు చెవికి అందితే, అన్నీ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదు సగం తగ్గిపోతుంది. అయితే ఇది కీరవాణి రాగం కాదు, స్వరాలు మాత్రమే ఒకటి. గమకం స్థానంలో ఇక్కడ కింద నడిచే కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పని చేస్తాయి. పై స్వరం కదలకుండా ఉన్నా కింద కార్డు మారగానే దాని భావం మారిపోతుంది.

పాటల్లోకి వస్తే, 'ఫార్ బియాండ్ ద సన్' గురించి అభిమానుల్లో పెద్దగా తగువు లేదు. గిటార్, కీబోర్డ్ వంతులవారీగా వాయించే భాగం దీని ప్రాణం. యొహాన్‌సన్ కీబోర్డ్‌తో గిటార్‌లాగే స్వరాలు వంచుతాడు, మొదటిసారి వింటే ఎవరి వంతు ఎక్కడ ముగిసిందో దొరకదు. హెడ్‌ఫోన్స్‌తో, కీబోర్డ్‌ని మాత్రమే వెంబడిస్తూ ఒకసారి వినండి. 'ఈవిల్ ఐ' మొదటి భాగం జొహాన్ క్రీగర్ అనే బరోక్ కాలపు (17-18 శతాబ్దాల) స్వరకర్త రాసిన బూరే అనే నృత్య రచన నుంచి తీసుకున్నది. మూలాన్ని చిన్న కీబోర్డ్ రచనగా విని ఆ వెంటనే దీన్ని వింటే ఎంత తెచ్చుకున్నాడో, ఎక్కడ వదిలిపెట్టాడో స్పష్టంగా వినిపిస్తుంది.

నా లెక్కలో ఆల్బమ్‌కి నడుం 'ఇకారస్ డ్రీమ్ సూట్'. ఎనిమిదిన్నర నిమిషాలు. మొదటి బాణీ బరోక్ స్వరకర్త ఆల్బినోని రాసిన అడాజియోగా (నెమ్మది నడక రచనగా) లోకమంతా ఎరిగిన రచన మీద కట్టింది. ఆ అడాజియోని నిజానికి 1958లో ప్రచురించింది రెమో జాట్సోటో అనే ఇరవయ్యో శతాబ్దపు సంగీత పరిశోధకుడు, ఇవాళ చాలామంది దాన్ని ఆయన సొంత రచనగానే చూస్తారు. అంటే మూడు వందల ఏళ్ల నాటిదని మనం అనుకునే ఆ దిగులు వయసులో రాక్ అండ్ రోల్‌కి సమకాలికం! సూట్‌లో మొదటి రెండు నిమిషాలు గిటార్ ఎంత తక్కువ స్వరాలతో నడుస్తుందో గమనించండి. ఒక్కో స్వరాన్నీ సాగదీసి, చివర్లో మాత్రమే వెడల్పుగా ఊపుతాడు. ఇరవయ్యొకటో ఏట ఆ ఓపిక ఉండటం నాకు ఆ వేగం కన్నా పెద్ద విషయం.

గాత్రం ఉన్న రెండు పాటలూ మిగతావాటి పక్కన తేలిపోతాయి. సోటో గొంతులో లోపం లేదు, పాటల్లోనే బాణీ సన్నగా ఉంది. ఆయన గొంతుకి తగిన పాటలు 1985లో వచ్చిన 'మార్చింగ్ ఔట్'లో దొరికాయి. 'లిటిల్ శావేజ్'ని చాలామంది దాటేస్తారు, అది పొరపాటు. మధ్యలో జోరు తగ్గి ఊపిరి తీసుకునే భాగం ఆల్బమ్‌లోని మంచి చోట్లలో ఒకటి.

ఇక లోపాలు. బేస్ దాదాపు అంతటా గిటార్ మళ్లీ మళ్లీ వాయించే పట్టు, అంటే రిఫ్‌కి నీడలా నడుస్తుంది, తనకంటూ మాట లేదు. బరోక్ సంగీతమంటే కింది స్వరాల వరుసకి పై బాణీతో సమానమైన పని ఉండాలి. బాఖ్ పేరు చెప్పుకునే ఆల్బమ్‌లో ఇది చిన్న లోటు కాదు. వాయించేదీ నిర్మించేదీ ఒకరే అయినప్పుడు తన గిటార్‌ని వెనక్కి తగ్గించమని చెప్పేవాళ్లు ఉండరు. డ్రమ్స్ మీద ప్రతిధ్వని ఎక్కువ, చిన్న స్పీకర్లలో స్నేర్ దెబ్బ డబ్బాలా వినిపిస్తుంది. కానీ వాయింపు మీద ఫిర్యాదు లేదు. బ్రిటిష్ రాక్ బృందం జెత్రో టల్‌లో మెలికల తాళాలతో పండిన చెయ్యి బార్లోది. గిటార్ పరుగెత్తుతుంటే ఆయన దాని వెంట పడడు, వాక్యం ముగిసే చోట నిలబడి ఎదురు చూస్తాడు. 1989లో వచ్చిన లెనిన్‌గ్రాడ్ కచేరీ రికార్డులో ఇవే పాటలు ఇంకా దూకుడుగా నడుస్తాయి. ఉత్సాహం పెరిగింది, ఆ నిలబడే చోట్లు తగ్గాయి. స్టూడియో రూపమే మేలు.

వాయించాలనుకునేవాళ్లకి మొదటి మాట: అన్ని తీగలూ అరస్వరం కిందికి దించుకోండి. మామూలు శ్రుతిలో ఉంచి రికార్డుతో కలపబోతే ప్రతి స్వరమూ తేడా కొడుతుంది, నేర్చుకునేవాళ్లు సగం మంది తప్పు పోయేది ఇక్కడే. ఆయన వాడే తీగల్లో అన్నిటికన్నా సన్ననిది 8, లావుది 46 (అంగుళంలో వెయ్యో వంతులు). సన్నవి వంచడానికి సులువు, లావువి రిఫ్‌కి బిగువునిస్తాయి. అరస్వరం దించాక 8 తీగ చాలా వదులైపోతుంది, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. ఆయన స్ట్రాటోకాస్టర్‌లో ఫ్రెట్ల మధ్య చెక్కని పల్లంగా తొలిచి ఉంటారు కాబట్టి ఈ ప్రమాదం రెట్టింపు. వీణ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు: వేలు చెక్కకి తగలదు, తీగ మెట్టు మీద మాత్రమే ఆనుతుంది, ఎంత నొక్కితే అంత స్వరం కదులుతుంది. తొలిచిన మెడ మీద శ్రుతి నిలవాలంటే వేలి బరువు సగానికి తగ్గించడం నేర్వాలి. స్వరం ఊపు (వైబ్రాటో) వెడల్పుగా, నెమ్మదిగా రావడానికీ ఆ పల్లమే కారణం. తీగ కింద వేలికి పట్టు దొరుకుతుంది.

ధ్వని విషయంలో అందరూ చేసే తప్పు డిస్టార్షన్ (ధ్వనిని గరుకు చేసే ప్రభావం) ఎక్కువ పెట్టడం. రికార్డుని జాగ్రత్తగా వింటే ధ్వని అనుకున్నంత గరుకుగా ఉండదు, ఒక్కో స్వరం విడివిడిగా పూసలా పలుకుతుంది. 50 వాట్ల మార్షల్ ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచే పెట్టె) ముందు డీవోడీ 250 పెడల్ ఆయన పద్ధతి. ఆ తరహా పెడల్‌తో దగ్గరికి రావాలంటే గెయిన్ (గరుకుదనాన్ని పెంచే మీట) బాగా తగ్గించి, లెవల్ బాగా పెంచండి. గరుకుదనం ఆంప్ నుంచి రావాలి, పెడల్ నుంచి కాదు. సోలోలకి మెడ దగ్గరి పికప్ వాడండి. ఇంటి ఆంప్‌లో గెయిన్ సగం దాటితే వేగంగా వెళ్లే స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. అప్పుడు చెయ్యి తప్పిందో ఆంప్ కప్పేసిందో మీకే తెలియదు.

ఆయన ముద్ర ఉన్న ఒక పట్టు చూద్దాం. ఎ శ్రుతిని షడ్జమం అనుకుంటే కీరవాణిలో ని, రి, మ, ద నాలుగూ ఒకదానికొకటి సరిగ్గా మూడు అరస్వరాల దూరంలో ఉంటాయి. వీటిని కలిపి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పలికిస్తే అదే డిమినిష్డ్ ఆర్పెజియో. అన్నిటికన్నా సన్నని తీగ మొదటిది అనుకుని, మూడో తీగ మీద 7వ ఫ్రెట్ (మ) ఉంగరపు వేలు, రెండో తీగ 6వ ఫ్రెట్ (ద) మధ్య వేలు, మొదటి తీగ 4వ ఫ్రెట్ (ని) చూపుడు వేలు, అదే తీగ 7వ ఫ్రెట్ (రి) చిటికెన వేలు. మూడు తీగల మీదుగా పిక్‌ని ఒకే కదలికలో కిందికి జారనివ్వండి: మ, ద, ని. చిటికెన వేలు కొట్టి రి, దాన్ని లాగి మళ్లీ ని. పిక్ పైకి వస్తూ ద. ఆరు స్వరాలు, ఒక చుట్టు. మొత్తం చేతిని మూడు ఫ్రెట్లు పైకి జరిపితే అవే నాలుగు స్వరాలు వరస మారి పలుకుతాయి, వేళ్ల అమరిక మాత్రం మారదు. నాలుగు చోట్లు తిరిగితే ఒక స్థాయి పూర్తవుతుంది.

చెడేది రెండు చోట్ల. వేళ్లు ఎత్తకుండా మూడు తీగలనీ కలిపి నొక్కి ఉంచితే ఆర్పెజియో పోయి కార్డు మోగుతుంది. తర్వాతి స్వరం పలికిన క్షణంలో ముందు వేలు బరువు వదలాలి, తీగ మీది నుంచి మాత్రం లేవకూడదు. రెండోది, పిక్ లేకుండా పలికే రి, ని తొందరపడి ముందుకొచ్చేస్తాయి. మెట్రోనోమ్‌ని నిమిషానికి 50 దగ్గర పెట్టి, ఒక్కో దెబ్బకి ఆరు స్వరాలూ సమానంగా పడేదాకా అక్కడే ఉండండి. దెబ్బ సరిగ్గా మూడో తీగ మీది మ దగ్గర పడుతుందో లేదో రికార్డు చేసుకుని వినండి. వాయిస్తున్నప్పుడు చెవి మోసం చేస్తుంది.

మొదట ఏ పాట పట్టుకోవాలంటే 'బ్లాక్ స్టార్'. 'ఫార్ బియాండ్ ద సన్'తో మొదలుపెట్టినవాళ్లు చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. 'బ్లాక్ స్టార్'లో వేగం ఉన్న చోట్లు వదిలేసి బాణీ ఒక్కటే నెల రోజులు వాయించినా అది పూర్తి పాటలాగే వినిపిస్తుంది. ఊపు ఎప్పుడు మొదలవుతుందో, స్వరం ఎంతసేపు కదలకుండా నిలబడుతుందో రికార్డుతో పోల్చి చూసుకోండి. ఆ తర్వాత నైలాన్ తీగల గిటార్ ఉంటే చివరి పాట 'ఫేర్‌వెల్' తీయండి. నిమిషం కూడా లేదు, ఆంప్ అక్కర్లేదు, పెడల్ అక్కర్లేదు.