సముద్ర మట్టమా, రన్‌వేనా, ఉపగ్రహమా: విమానం ఎత్తుకు ఏ సున్నా మేలు?

రేణిగుంటలో విమానమెక్కి దూర ప్రాంతాలకు వెళ్లివచ్చిన విద్యార్థుల్లో ఏటా ఒకరైనా నన్ను ఇదే ప్రశ్న అడుగుతారు. విమానం 35,000 అడుగుల ఎత్తులో ఉందని ప్రకటించారు, అదే సమయంలో కిటికీకి ఆనించి పట్టుకున్న ఫోను 36,500 దాటి చూపించింది. వీటిలో దేన్ని నమ్మాలి? ఫోను ఉపగ్రహాల నుంచి దూరాన్ని లెక్కగట్టింది. విమానం తన చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని కొలిచి, దానిని అడుగుల్లోకి మార్చి చెప్పింది. రెండు కొలతలకూ సున్నా వేర్వేరు చోట్ల ఉంది కనుక అంకెలు కలవలేదు. కాబట్టి ఏ సున్నా మేలు అన్నదే అసలు ప్రశ్న.

రన్‌వేనే సున్నాగా పెట్టుకునే పద్ధతి వినగానే అందరికీ నచ్చుతుంది. దిగబోయే విమానాశ్రయంలోని పీడనాన్ని ఆల్టిమీటర్‌లో, అంటే పీడనాన్ని బట్టి ఎత్తు చూపే పరికరంలో అమర్చుకుంటే, చక్రాలు నేలను తాకేసరికి ముల్లు సున్నా మీద ఉంటుంది. దీనిని క్యూఎఫ్‌ఈ అంటారు. ఒకప్పటి సోవియట్ దేశాల్లో ఇది చాలాకాలం నడిచింది. చిక్కు ఎక్కడంటే, రేణిగుంట రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తున ఉంది, బెంగళూరు రన్‌వే సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఈ రెండింటి మధ్య ఎగిరే రెండు విమానాల్లో ఒకటి ఇక్కడి సున్నాను, మరొకటి అక్కడి సున్నాను పెట్టుకుంటే, ఒకే ఎత్తులో ఎదురెదురుగా వస్తున్నా వాటి ముళ్ల మధ్య 2,650 అడుగుల తేడా కనిపిస్తుంది. పైగా లేహ్ వంటి 10,000 అడుగులు దాటిన చోట రన్‌వే పీడనం ఎంత తక్కువంటే, చాలా ఆల్టిమీటర్లలో ఆ అంకెను అమర్చడమే కుదరదు.

నా మొగ్గు రెండో పద్ధతి వైపే, అంటే క్యూఎన్‌హెచ్ వైపు. విమానాశ్రయంలో కొలిచిన పీడనాన్ని సముద్ర మట్టానికి సరిచేసి, ఆ అంకెను పైలట్‌కు చెబుతారు. దానిని అమర్చుకుంటే రేణిగుంట రన్‌వే మీద నిలిచిన విమానంలో ముల్లు సున్నా దగ్గర కాకుండా 350 దగ్గర ఆగుతుంది. ఇది ఏమంత గొప్ప అని అడిగేవారికి నేను శేషాచలం కొండలను చూపిస్తాను. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులని పటం చెబితే, ఆ లెక్క సగటు సముద్ర మట్టం నుంచే. మన రైల్వే స్టేషన్ల పసుపు పలకల అడుగున రాసి ఉండే ఎత్తూ అక్కడి నుంచే. దేశమంతటి ఎత్తులకు 1909లో ముగిసిన సర్వే ఆఫ్ ఇండియా తొలి లెక్కకు, మద్రాసుతో సహా తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి నమోదు చేసిన ఆటుపోట్ల సగటే ఆధారం. కొండ ఎత్తూ, రన్‌వే ఎత్తూ, విమానం ఎత్తూ ఒకే సున్నా నుంచి మొదలైనప్పుడు, మబ్బులో దిగుతున్న పైలట్ తీసివేతలేవీ చేయనక్కరలేదు. ముల్లు మీది అంకెను పటం మీది అంకె పక్కన పెట్టి చూసుకుంటే చాలు. నా దృష్టిలో ఏది మేలో తేల్చే అంశం ఇదొక్కటే. కచ్చితత్వం దీని తర్వాతి మాట.

ఈ పద్ధతికి లోపం లేదని అనను. దాని బలమంతా చెప్పిన అంకె సరైనదై ఉండడంలోనే ఉంది. పీడనాన్ని హెక్టోపాస్కల్ అనే ప్రమాణంలో చెబుతారు; నేల దగ్గర ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే ఇంచుమించు 28 అడుగులు. 2022 మేలో ప్యారిస్‌లోని చార్లెస్ ద గాల్ విమానాశ్రయంలో కంట్రోలర్ 1001 అనవలసిన చోట 1011 అన్నారు. ఆ అంకెతో వర్షంలో దిగుతున్న ఎయిర్‌బస్ ఉండవలసిన దానికంటే 280 అడుగులు కిందికి వచ్చింది. రన్‌వేకు ఇంకా కిలోమీటరుకు పైగా దూరం ఉండగానే నేలకు ఆరు అడుగుల దగ్గరకు చేరి, రన్‌వే కనిపించక మళ్లీ పైకి లేచింది. రెండోసారి కూడా అదే తప్పు అంకెతో దిగారు. ఈసారి రన్‌వే కంటికి కనిపించింది కనుక సరిచేసుకోగలిగారు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి సముద్ర మట్టపు పీడనం 990కి పడిపోయిన రోజున, ఆల్టిమీటర్‌ను 1013 మీదే మరిచిపోతే, ముల్లు చూపే ఎత్తు కంటే విమానం 600 అడుగులకు పైగా కిందనే ఉంటుంది. కొండలు పక్కనే ఉన్న మన ఊరికి ఇది చిన్న అంకె కాదు.

వేడి విషయంలో మాత్రం మన ఎండలు మనకు మేలే చేస్తాయి. ఆల్టిమీటర్ సముద్ర మట్టం దగ్గర గాలి 15 డిగ్రీలు ఉంటుందన్న ఊహ మీద నడుస్తుంది. మే నెలలో తిరుపతిలో 42 డిగ్రీలుంటే వేడెక్కిన గాలి వ్యాకోచించి, పీడనపు పొరలు ఒకదానికొకటి దూరమవుతాయి. అందువల్ల రన్‌వేకు 2,450 అడుగుల పైన, అంటే తిరుమల ఎత్తున ఉన్నట్టు చూపే విమానం నిజానికి మరో 250 అడుగులు పైనే ఉంటుంది. గడ్డకట్టే చలిలో ఇది తలకిందులవుతుంది, అది ప్రమాదకరం; అందుకే చలి ప్రాంతాల పైలట్లు దిద్దుబాటు పట్టికలు వాడతారు.

విద్యార్థులు అడిగిన 35,000 అడుగులు మాత్రం ఈ పద్ధతిలోది కాదు. ఒక ఎత్తు దాటాక విమానాలన్నీ స్థానిక పీడనాన్ని పక్కన పెట్టి 1013.25 హెక్టోపాస్కల్‌ను అమర్చుకుంటాయి. అక్కడి నుంచి 35,000 అడుగులను అడుగుల్లో కాక, వందల లెక్కన ఫ్లైట్ లెవెల్ 350 అని చెబుతారు. ఆ సున్నా నిజమైన సముద్రం మీద లేదు, అందరూ ఒప్పుకున్న ఊహాసముద్రం మీద ఉంది. మన ఉష్ణమండలంలో గాలి స్తంభం ఉబ్బి ఉంటుంది కనుక, ఆ లెవెల్‌లోని విమానం అసలు ఎత్తు తరచు 1,500 అడుగులు ఎక్కువే. అయినా నష్టం లేదు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి విమానంలోనూ అదే తప్పు అంతే మేరకు ఉంటుంది. కేవలం 1,000 అడుగుల ఎడంతో విమానాలు ఒకదానిపై ఒకటి సాగిపోగలగడానికి ఈ ఉమ్మడి తప్పే ఆధారం. కొండలు లేని చోట ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తోచదు.

మరి ఉపగ్రహం? చలికీ వేడికీ తుపానుకూ చెక్కుచెదరని కొలత అది, నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరాలకు ఇప్పటికే తోడ్పడుతోంది. కానీ జీపీఎస్ మొదట లెక్కించేది సముద్రం నుంచి కాదు, భూమికి దగ్గరగా గీసిన నున్నటి దీర్ఘవృత్తాకారపు ఉపరితలం నుంచి. శ్రీలంకకు దక్షిణాన గురుత్వాకర్షణ తగ్గడం వల్ల సముద్రం ఆ ఉపరితలానికి 106 మీటర్లు దిగువన ఉంటుంది. ఆ పల్లం అంచు మన దాకా వస్తుంది. తిరుపతిలో ఆ తేడా 80 మీటర్లకు పైనే. దానిని దిద్దకుండా చదివితే రేణిగుంట రన్‌వే సముద్రానికి ఎంతో ఎత్తున లేదనిపిస్తుంది. దిద్దిన తరువాత కూడా, ఆకాశంలో సగం విమానాలు ఉపగ్రహాన్నీ సగం గాలినీ నమ్ముకుంటే క్యూఎఫ్‌ఈ నాటి గొడవే తిరిగి వస్తుంది. మారితే అందరూ ఒకే రోజున మారాలి.

రేడియో ఆల్టిమీటర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది కిందనున్న నేల దాకా దూరాన్ని చెబుతుంది, ఎదుటి కొండ గురించి చెప్పదు. దిగే చివరి క్షణాలకు మాత్రమే మంచిది.

పీడనం కొలిచే సెన్సర్ ఉన్న ఫోను చేతిలో ఉంటే ఈ తేడాను నేల మీదే చూడవచ్చు. మే నెల మధ్యాహ్నం రేణిగుంట వాతావరణ నివేదికలో క్యూ అక్షరం పక్కన 1002 అని ఉంటే, ఎత్తు చూపే యాప్‌లో ఒకసారి 1013, మరొకసారి 1002 అమర్చి చూడండి. మొదటిసారి విమానాశ్రయం 650 అడుగుల ఎత్తున ఉన్నట్టు, రెండోసారి 350 దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది.