ఇంటికొచ్చి అమ్మ పోషణ చూసిన డైటీషియన్: శ్రీకాకుళంలో మా అనుభవం

శ్రీకాకుళంలో ఒక డైటీషియన్ గారు ఇంటికే వచ్చి, పెద్దవాళ్లకి పోషకాహార లోపం ఉందో లేదో చూస్తారని మా ఆఫీసులో ఒకావిడ చెబితే పిలిపించాం. బలగలో ఉన్న మా ఇంటికి రావడానికీ చూడటానికీ కలిపి 700 రూపాయలు తీసుకున్నారు. ప్రతి రూపాయికీ తగిన పని చేశారు.

అమ్మకి 76 ఏళ్లు. మొన్నటిదాకా సోంపేటలో ఉండేది, కంటి ఆపరేషన్ తర్వాత మా దగ్గరికి వచ్చింది. నీరసం అంటుంటే ఒక ల్యాబ్‌లో ప్యాకేజీ పరీక్షలు చేయించాం. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ మామూలుగా ఉంది, తిండి సరిపోతోందన్నారు అక్కడ. డైటీషియన్ గారు ఆ రిపోర్టు చూసి పక్కన పెట్టేశారు. ఇన్ఫెక్షన్ వచ్చినా, లివర్, కిడ్నీ దెబ్బతిన్నా అల్బుమిన్ పడిపోతుందట. సరిగ్గా తినని మనిషిలో మామూలుగానే కనిపించవచ్చట. పోషణ ఎలా ఉందో దాన్నిబట్టి చెప్పలేం అన్నారు.

ఆవిడ అడిగింది పాత బరువు. ఆపరేషన్ కాగితాల్లో మూడు నెలల కిందట 45 కిలోలని ఉంది. ఇప్పుడు 41.5. అంటే దాదాపు 8 శాతం పోయింది. ఆరు నెలల్లో 5 శాతానికి మించి దానంతటదే తగ్గితే అది ముఖ్యమైన గుర్తు. నీరు పడితే బరువు ఎక్కువ చూపిస్తుందని పాదాలు నొక్కి చూశారు. అమ్మ నడుము వంగిపోయింది కాబట్టి మోకాలి ఎత్తు కొలిచి, దాన్నుంచి మనిషి ఎత్తు లెక్కగట్టారు. పిక్క చుట్టుకొలత 28 సెంటీమీటర్లు వచ్చింది. 31 కంటే తగ్గితే కండ కరిగిందని అనుమానించాలట. తర్వాత మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్ అనే పత్రంలో ఆరు ప్రశ్నల చిన్న రూపం నింపారు. 14 మార్కులకి 12 గానీ అంతకు మించి గానీ వస్తే ఫర్వాలేదు, 8 నుంచి 11 అయితే ముప్పు, 7 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే లోపం ఉన్నట్టే. అమ్మకి 6 వచ్చాయి.

నాకు బాగా నచ్చింది మార్కులు వేసి వెళ్లిపోకపోవడం. "ముసిలోళ్లకి ఎంత కావాలేటి" అంది అమ్మ. "అలా కాదు మామ్మగారూ, నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారో చెప్పండి" అని కూర్చున్నారు. టీ, ఒక ఇడ్లీ, మజ్జిగన్నం, రాత్రి చారన్నం. అంతే. కట్టుడు పళ్లు తీయించి చూస్తే, ఒళ్లు తగ్గి అవి వదులైపోయాయి. నమలలేక కూర ముక్క ముట్టడం లేదు. పైగా ఊళ్లో చూసినవాళ్లు బీపీ అని ఒకరు ఉప్పు, షుగర్ అని ఇంకొకరు అన్నం, గ్యాస్ అని మరొకరు పప్పు తగ్గించమన్నారు. అన్నీ ఒకే కంచంలోంచి పోయాక మిగిలేదేముంది! పెద్దవాళ్లకి పథ్యాలు చెప్పే ప్రతి ఒక్కరూ ముందు ఆ మనిషిని కాటా ఎక్కించి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతోంది, దానివల్ల విటమిన్ బీ12 తగ్గవచ్చు కాబట్టి అది చూడమని డాక్టరుకి చీటీ రాశారు. ఇంకో మాట అడిగారు: "సోంపేట అంటే ఉద్దానం కదా, క్రియాటినిన్ చూపించారా?" ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, క్రియాటినిన్ కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష. కిడ్నీల సంగతి తెలియకుండా ప్రోటీన్ పెంచనన్నారు. ఆ రిపోర్టు బాగుందని చూశాకే రోజుకి 45 నుంచి 50 గ్రాములు వచ్చేలా పట్టిక వేశారు. పాలు కలిపిన చోడి (రాగి) అంబలి, పెసరకట్టు, గుడ్డు పొరటు, మెత్తగా ఉడికిన చేప. పళ్లు సరిచేయించుకోమన్నారు.

లోటు లేకపోలేదు. పట్టిక అంతా ఇంగ్లీషులో ఉంది, మా వంటావిడ కోసం నేను తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించాను. తెచ్చిన కాటా నిలబడగలిగిన వాళ్లకే పనికొస్తుంది, మంచంలో ఉన్నవాళ్లకి పిక్క కొలతతోనే సరిపెట్టుకోవాలి. నెల తర్వాత చేస్తానన్న ఫోన్ మేమే చేయాల్సి వచ్చింది. అప్పటికి అమ్మ 42.3 కిలోలు ఉంది.

పిలిచేవాళ్లు పాత బరువు రాసి ఉన్న ఏ ఆసుపత్రి కాగితమైనా, వాడుతున్న మాత్రలన్నీ, కిడ్నీ రిపోర్టూ ముందే తీసి పెట్టుకోండి. వంట చేసేవాళ్లు కూడా ఇంట్లో ఉండే టైముకి రమ్మనండి.