స్క్లెరోడెర్మా యాంటీబాడీ ప్యానెల్: అక్కకి చేయించిన పరీక్ష గురించి

సిస్టమిక్ స్క్లెరోసిస్ (చర్మం, లోపలి అవయవాలు బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా జబ్బు) ఉన్నవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను. మా అక్కకి ఈ జబ్బు వేళ్ల దగ్గర మొదలై, కొద్ది నెలల్లోనే చేతులు, ఛాతీ దాకా చర్మం బిగుసుకుపోయింది. మొదటి రక్తపరీక్షల్లో ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకాల మీదే శరీరం తయారుచేసే యాంటీబాడీలు) పాజిటివ్. ఎస్‌సీఎల్-70, సెంట్రోమియర్ అనే, ఈ జబ్బులో ఎక్కువగా వెతికే యాంటీబాడీలు రెండూ నెగటివ్. హమ్మయ్య అనుకున్నాం. కానీ రుమటాలజిస్టు (కీళ్ల, ఇలాంటి రోగనిరోధక జబ్బుల డాక్టర్) ఒప్పుకోలేదు. మామూలు ఈఎన్ఏ ప్యానెల్లో (ఇలాంటి కొన్ని యాంటీబాడీలని కలిపి చూసే పరీక్షలో) చాలాసార్లు ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 యాంటీబాడీ ఉండదని, అది కూడా ఉన్న స్క్లెరోడెర్మా ప్యానెల్ చేయించమని పట్టుబట్టారు. అందులో ఆ ఒక్కటే గట్టి పాజిటివ్ వచ్చింది.

పరీక్షకి ఐదుకి ఐదు ఇస్తాను. మేం చేయించిన ల్యాబ్ సర్వీసుకి మాత్రం రెండే.

ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లలో, అందులోనూ చర్మం వేగంగా బిగుసుకుంటున్నవాళ్లలో, జబ్బు మొదలైన తొలి నాలుగైదేళ్లలో రీనల్ క్రైసిస్ (బీపీ ఎగబాకి కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినడం) వచ్చే ప్రమాదం మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. కిడ్నీలోని చిన్న ధమనుల లోపలి పొర దెబ్బతిని, ఉబ్బి, ఉల్లిపాయ పొరల్లా మందమవుతుంది. దారి ఇరుకై కిడ్నీకి రక్తం చాలదు. చాలకపోయేసరికి కిడ్నీ రెనిన్ అనే ఎంజైము వదులుతుంది, దాంతో నాళాలని బిగించే యాంజియోటెన్సిన్ హార్మోన్ పెరుగుతుంది, రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయి, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ బీపీ మళ్లీ అవే నాళాలని దెబ్బతీస్తుంది.

మరి ఇందులో యాంటీబాడీల పాత్ర ఏమిటి? నేను డాక్టర్‌ని ఎక్కువగా అడిగింది ఇదే. పాలిమరేజ్ 3 అనేది కణం లోపల, కేంద్రకంలో ఉండే ఎంజైము. దాని మీద తయారైన యాంటీబాడీయే నేరుగా నాళాన్ని దెబ్బతీస్తుందని ఇంకా రుజువు కాలేదు. ప్రమాదం ఎవరికి ఎక్కువో చెప్పే గుర్తుగానే దాన్ని చూడాలట. ఈ జబ్బులో కనిపించే వేరే యాంటీబాడీల సంగతి అలా కాదు. కొన్ని యాంజియోటెన్సిన్, ఎండోథెలిన్ (ఇదీ నాళాలని బిగించేదే) రిసెప్టర్లకి, అంటే కణాల మీద అవి అతుక్కునే చోట్లకి, అతుక్కుని, అసలు హార్మోన్ వచ్చినట్టే వాటిని పనిచేయిస్తాయి. కొన్ని నాళాల లోపలి కణాలకే అతుక్కుంటాయి. నాళాలు బిగుసుకోవడంలో, లోపలి పొర దెబ్బతినడంలో వీటి చేయి ఉందని ల్యాబ్ ప్రయోగాలు చెబుతున్నాయి. మా ప్యానెల్లో అవి లేవు.

రిపోర్టు వచ్చాక అక్క రోజులు మారాయి. ఇంట్లోనే రోజూ బీపీ చూసి పుస్తకంలో రాస్తోంది. ఆమెకి మామూలుగా 100/70 ఉంటుంది. కాబట్టి 130/90 కనిపించినా, "పర్వాలేదులే" అనుకోకుండా ఫోన్ చేయమన్నారు డాక్టర్. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష తరచుగా చేయిస్తున్నారు. కీళ్ల నొప్పులకి స్టెరాయిడ్ అడిగితే వీలైనంత వరకు వద్దన్నారు, ఎందుకంటే ప్రెడ్నిసొలోన్ రోజుకి 15 మి.గ్రా. దాటితే ఈ క్రైసిస్ ప్రమాదం పెరుగుతుంది. పాలిమరేజ్ 3 పాజిటివ్ ఉన్న కొందరిలో క్యాన్సర్ కూడా బయటపడుతుందని ఆ పరీక్షలూ రాశారు. ఏసీఈ ఇన్హిబిటర్ (యాంజియోటెన్సిన్ తయారీని తగ్గించే బీపీ మందు) ముందుజాగ్రత్తగా ఇవ్వరు, క్రైసిస్ వస్తే మాత్రం వెంటనే మొదలుపెట్టాలి. క్రైసిస్ వచ్చాక ఆ మందులు తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత 76 శాతం మంది, తీసుకోనివాళ్లలో 15 శాతం మంది బతికి ఉన్నారని 1990లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ అంకెలు చూశాకే బీపీ మిషన్ అక్క మంచం పక్కకి చేరింది.

ఇక ల్యాబ్ సంగతి. చెప్పిన తేదీకి రిపోర్టు ఇవ్వలేదు. ఇచ్చిన కాగితంలో మూడు ప్లస్ గుర్తులు తప్ప ఒక్క వాక్యం వివరణ లేదు. పైగా కౌంటర్‌లో కూర్చున్నాయన, "ఇదొస్తే కిడ్నీలు పోతాయండి" అని అక్క మొహం మీదే అన్నాడు. ఆ రాత్రంతా ఆమెకి నిద్ర లేదు. ఇది ఎంత తప్పు మాటో! ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్రైసిస్ రానే రాదు. వచ్చినా, త్వరగా పట్టుకుంటే మందులున్నాయి. డయాలిసిస్ దాకా వెళ్లినవాళ్లలో కూడా కొందరి కిడ్నీలు నెలల తర్వాత మళ్లీ కోలుకుంటాయి. తెలియని విషయం చెప్పే హక్కు కౌంటర్‌కి ఎవరిచ్చారు?

ఇంకో మాట. మా ప్యానెల్ లాంటి బ్లాట్ పరీక్షల్లో (యాంటీబాడీలని పట్టీ మీద గీతలుగా చూపేవి) ఒక్క ప్లస్ మాత్రమే, అంటే బలహీనంగా, వస్తే అది నిజం కాకపోవచ్చు. ఎలైసా అనే వేరే పద్ధతితో మరోసారి సరిచూడమని డాక్టర్‌ని అడగండి. శాంపిల్ ఇచ్చే ముందే "ఈ ప్యానెల్లో ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 ఉందా?" అని పేరు పెట్టి అడిగి, ఉందంటేనే చేయి చాపండి.