డోపమైన్ రిసెప్టర్ల మ్యాపింగ్: యాంటీబాడీనా, ఆర్ఎన్ఏ ప్రోబా?

ఎలుక మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమైన్ రిసెప్టర్ రకాలైన డీ1 ఏ కణంలో ఉంది, డీ2 ఏ కణంలో ఉంది అని చూడాలంటే ముందు వచ్చే డౌట్ ఇదే: రిసెప్టర్ ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ వాడాలా, దాని ఎంఆర్ఎన్ఏకి (ప్రోటీన్ తయారీకి జీన్ ఇచ్చే మెసేజ్) అతుక్కునే ప్రోబ్ వాడాలా?

ఖర్చు: యాంటీబాడీ చవక, ప్రోబ్ కిట్లు ఖరీదు.

శ్రమ: ప్రోబ్‌కి టిష్యూలో ఆర్ఎన్ఏ పాడవకుండా చాలా జాగ్రత్త పడాలి.

రిస్క్: అసలు తలనొప్పి ఇక్కడే. కొన్ని యాంటీబాడీలు ఆ రిసెప్టర్ జీన్ తీసేసిన (నాకౌట్) ఎలుకలో కూడా మెరుస్తాయి, అందుకే నాకౌట్ కంట్రోల్ లేని బొమ్మని నేనైతే నమ్మను. ప్రోబ్ ఈ విషయంలో గట్టిది, కానీ అది చూపించేది ఎంఆర్ఎన్ఏనే, ప్రోటీన్ ఉన్న చోటు కాదు. ఉదాహరణకి డోపమైన్ న్యూరాన్‌లో డీ2 మెసేజ్ కణం ఉన్న మిడ్‌బ్రెయిన్‌లో (మెదడు మధ్య భాగం) కనబడుతుంది, ప్రోటీన్ చూస్తే దూరంగా స్ట్రయేటమ్‌లో ఆక్సాన్ (న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తీగ) చివర కూడా ఉంటుంది.

ఏ రకం కణమో తేలాలంటే ప్రోబ్. స్పైన్ (న్యూరాన్ కొమ్మ మీది చిన్న బొడిపె) మీదా, ఆక్సాన్ చివరా అని చోటు కావాలంటే నాకౌట్‌లో టెస్ట్ చేసిన యాంటీబాడీ, తోడుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్.