థండర్‌బర్డ్‌కి మారాక పాస్‌వర్డ్ గోల ఎలా తగ్గింది

మా ఆఫీసులో మెయిల్ చూసుకోవడానికి వాడే అవుట్‌లుక్ తీసేసి, అలాంటిదే మరో ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ పెట్టి చాలా కాలమైంది. మెయిల్ ఖాతాలు మాత్రం మైక్రోసాఫ్ట్ 365లోనే ఉన్నాయి. రోజంతా ఇన్‌వాయిస్‌లతో, ఆడిటర్ గారి మెయిళ్లతో గడిచే ఉద్యోగం నాది. చదవడానికి, పాత మెయిల్ వెతకడానికి థండర్‌బర్డ్ చాలా బాగుంది. 2023 జులైలో వచ్చిన 115 వెర్షన్ నుంచి చూడ్డానికి కూడా హాయిగా ఉంది. జనం విసిగిపోయేదల్లా పాస్‌వర్డ్ అడిగే ఆ చిన్న బాక్సుతోనే.

మారిన కొత్తలో మా సెక్షన్ అంతా దాంతో సతమతమైంది. లాగిన్ ఫెయిలైందంటూ బాక్సు వస్తుంది. రీట్రై, ఎంటర్ న్యూ పాస్‌వర్డ్, క్యాన్సిల్ అని మూడు బటన్లు. అక్షరం పొల్లుపోకుండా కొట్టినా మళ్లీ అదే బాక్సు. నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్న్ జీఎస్‌టీఆర్-3బి గడువు 20వ తేదీ కదా, సరిగ్గా దాని ముందురోజు మా అకౌంట్స్ మేడం పాస్‌వర్డే తప్పేమోనని రీసెట్ చేశారు. దాంతో ఫోన్‌లో వస్తున్న మెయిల్ కూడా ఆగిపోయింది. ఆవిడ టెన్షన్ చూశాక దీని సంగతి తేల్చాల్సిందేనని కూర్చున్నాను.

పాస్‌వర్డ్‌లో ఏ తప్పూ లేదు. పేరు, పాస్‌వర్డ్ నేరుగా పంపి లాగినయ్యే పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి ఆపేస్తూ వచ్చింది. ఐటీ వాళ్లు మాకిచ్చిన సెట్టింగుల కాగితంలో ఇంకా 'నార్మల్ పాస్‌వర్డ్' అనే ఉంది. సర్వర్ ఆ పద్ధతినే ఒప్పుకోనప్పుడు సరైన పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టి ఏం లాభం?

సర్వర్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ మెథడ్ దగ్గర ఓఆథ్2, అంటే మైక్రోసాఫ్ట్ పేజీలోనే లాగినయ్యే కొత్త పద్ధతి, పెట్టాలి. అప్పుడు బ్రౌజర్ లాంటి విండో తెరుచుకుంటుంది. అందులో ఆఫీసు లాగిన్, ఫోన్‌లో అప్రూవల్ పూర్తిచేస్తే టోకెన్, అంటే లాగినయ్యామన్న గుర్తు, సేవ్ అవుతుంది, ఇక రోజూ అడగదు. థండర్‌బర్డ్‌లో కుకీలు ఆపేసి ఉంటే ఈ విండో సరిగా పనిచేయదు. కొన్ని ఆఫీసుల్లో అడ్మిన్ అనుమతి కావాలని అక్కడే ఆగిపోతుంది. అది అడ్మిన్ ఇస్తే తప్ప మనం చేయగలిగిందేమీ లేదు.

చాలామంది ఇంతటితో పని అయిపోయిందనుకుంటారు. మెయిల్ వస్తుంది, పంపబోతే మళ్లీ బాక్సు. పంపే సర్వర్, అంటే ఎస్‌ఎంటీపీ, సెట్టింగు వేరుగా అకౌంట్ల జాబితాలో అట్టడుగున ఉంటుంది. అక్కడ కూడా ఓఆథ్2 పెట్టాలి. అయినా అడుగుతుంటే సేవ్డ్ పాస్‌వర్డ్స్‌లో 'ఓఆథ్'తో మొదలయ్యే పాత ఎంట్రీ తీసేసి మళ్లీ సైన్ ఇన్ అవ్వండి. మా సెక్షన్‌లో మొండికేసిన కంప్యూటర్లు కూడా దీంతో దారికొచ్చాయి.

ప్రైమరీ పాస్‌వర్డ్ సంగతి వేరు. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నిటికీ అదే తాళం. థండర్‌బర్డ్ తెరిచినప్పుడు అది అడగడం నాకు ఇబ్బందిగా లేదు. ఒకే కంప్యూటర్ ఇద్దరు వాడేచోట తప్పక పెట్టాలంటాను. మర్చిపోతే మాత్రం రీసెట్ చేయాలి, అప్పుడు సేవ్ చేసినవన్నీ పోతాయి.

ఇప్పటికీ మిగిలిన బాధ, ఆఫీసు వాళ్లు గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించడం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఇలా ఊరికే మార్పించొద్దని చెప్పింది. మా దగ్గర ఇంకా నడుస్తోంది. అందుకే గడువు రాకముందే, తీరికున్న రోజున, వెబ్‌మెయిల్‌లో పాస్‌వర్డ్ మార్చేసి తర్వాత థండర్‌బర్డ్ తెరుస్తాను. సైన్ ఇన్ విండో ఒకసారి వస్తుంది, అంతే.