సాక్సనీలో చదువు: స్నేహాలు ఎక్కడ కుదురుతాయి, ఏ ఊళ్ళు చూడాలి, ఎక్కడ బస చేయాలి

జర్మనీకి మాస్టర్స్‌కి బయల్దేరే మనవాళ్ళు ముందుగా మ్యూనిక్, బెర్లిన్‌ల గురించే అడుగుతారు. అద్దె తక్కువనో, సీటు దొరికిందనో తూర్పున ఉన్న సాక్సనీ రాష్ట్రంలోని కెమ్నిట్స్, డ్రెస్డెన్, లైప్‌జిగ్, ఫ్రైబెర్గ్‌లకు చేరేవాళ్ళు చాలామందే. వాళ్ళకు మొదటి చలికాలం బరువుగా గడుస్తుంది. నవంబరు చివర సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. ఆదివారం దుకాణాలు తెరవరు. తరగతిలో పక్కన కూర్చున్నవాళ్ళు మర్యాదగా మాట్లాడతారు, క్లాసు అవగానే ఎవరి దారి వాళ్ళది. దీన్ని చూసి వీళ్ళు ఎవరితోనూ కలవరని అనుకోవడం తొందరపాటే. ఇక్కడ పరిచయం స్నేహంగా మారాలంటే ప్రతి వారం అదే రోజు, అదే గంటకు, అదే మనుషుల మధ్య కనబడాలి. బస, సరదా కార్యక్రమం, ప్రయాణం ఏది ఎంచుకున్నా ఈ ఒక్క కొలతతో చూసుకోండి.

బసతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. విద్యార్థి సంక్షేమ సంస్థ స్టుడెంటెన్‌వెర్క్ నడిపే హాస్టళ్ళలో రెండు రకాలు దొరుకుతాయి: సొంత వంటగది ఉన్న ఒంటి గది, నలుగురైదుగురికి ఒకే వంటగది ఉన్న ఫ్లాట్. ఒంటి గది హాయే, కానీ వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఉమ్మడి వంటగది మేలు. అడ్మిషన్ ఖాయమయ్యేదాకా ఆగకుండా దరఖాస్తు పెట్టే వీలుంటే వెంటనే పెట్టేయాలి. అక్టోబరు సెమిస్టరుకు వేసవిలోనే వెయిటింగ్ లిస్టు పెరిగిపోతుంది.

మూడో దారి, ప్రైవేటు ఇంట్లో జర్మన్లతో కలిసి ఉండే షేరింగ్ ఫ్లాట్. వీళ్ళు దాన్ని వేగే అంటారు. భాషకు, స్నేహానికి ఇంతకు మించింది లేదు. దొరకడమే కష్టం. గది ప్రకటనకు డజన్ల కొద్దీ సందేశాలు వస్తాయి. ఇంగ్లిషులో ఒకే మూస ఉత్తరం అందరికీ పంపితే జవాబు రాదు. తప్పులున్నా సరే జర్మన్‌లో ఆరేడు వాక్యాలు రాయండి: ఏం చదువుతున్నారు, ఎన్నాళ్ళు ఉంటారు, వారాంతంలో ఏం చేస్తారు, ఏం వండుతారు. వాళ్ళ ప్రకటనలోని ఒక విషయాన్ని పట్టుకుని ఒక మాట రాస్తే, మీరు దాన్ని చదివారని వాళ్ళకు తెలుస్తుంది. గది చూడకముందే డిపాజిట్ పంపమనేవాళ్ళు, తాళం పోస్టులో పంపిస్తామనేవాళ్ళు మోసగాళ్ళు. చట్టప్రకారం డిపాజిట్, హీటింగ్ వగైరా కలపని మూడు నెలల అద్దెకు మించకూడదు. చేరిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. ఆ పత్రం ఇవ్వనన్న గదిని ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

నాలుగోది, మనవాళ్ళే నలుగురు కలిసి తీసుకునే ఫ్లాట్. మొదటి నెలలో ఇది నిజంగా ఆదుకుంటుంది. బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, కరివేపాకు దొరికే ఆసియా షాపు, అన్నీ సీనియర్లే చూపిస్తారు. ఆ ఋణాన్ని తక్కువ చేయకూడదు. కానీ రెండేళ్ళూ అక్కడే ఉన్నవాళ్ళ జర్మన్ చాలాసార్లు ఏ1 అనే మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతుంది, ఉద్యోగం వెతుక్కునే వేళ ఆ లోటు కనబడుతుంది. మొదటి సెమిస్టరు మనవాళ్ళతో ఉండి, రెండోదానికి ఉమ్మడి వంటగదికి మారితే బాగుంటుంది.

ఎక్కడున్నా గొడవలు వచ్చేది మూడు నాలుగు విషయాల దగ్గరే. శుభ్రం చేసే వంతుల పట్టిక గోడకు అంటించి ఉంటుంది. మీ వారం వస్తే ఆదివారం రాత్రిలోగా పని అయిపోవాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారమంతా నిశ్శబ్దం పాటిస్తారు, కాబట్టి మిక్సీ శనివారమే వేసుకోండి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, వంటగది తలుపు మూసి, మూత దగ్గర ఉంచుకోండి. ఎండుమిర్చి ఘాటు నడవాలోకి పోతే పొగ అలారం మోగవచ్చు, అనవసరంగా అగ్నిమాపక దళం వస్తే ఖర్చు మీ మీద పడే ప్రమాదం ఉంది. చాలా ఇళ్ళ తలుపులకు బయట తిప్పే పిడి ఉండదు. చెత్త పారేయడానికి తాళంచెవి లేకుండా వెళ్తే తలుపు దానంతటదే మూసుకుపోతుంది, రాత్రిపూట తాళాలవాణ్ణి పిలిస్తే బిల్లు గట్టిగానే వస్తుంది. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు ఇంటి మొత్తానికి ఒక్కటే. నలుగురికీ విడివిడిగా ఉత్తరాలు వస్తే, ఒకరు కడుతున్నట్టు వాళ్ళ రుసుము ఖాతా నంబరు రాసి మిగతావాళ్ళు జవాబివ్వాలి.

ఇక స్నేహాలు. యూనివర్సిటీ క్రీడా కోర్సులు అన్నిటికన్నా మంచి దారి. సెమిస్టరుకు కొన్ని పదుల యూరోలతో వాలీబాల్, గోడలెక్కే క్లైంబింగ్, బ్యాడ్మింటన్, నాట్యం దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ ఒక నిర్ణీత గంటకు ఆన్‌లైన్లో తెరుచుకుంటుంది, వాలీబాల్, క్లైంబింగ్ లాంటివి నిమిషాల్లో నిండిపోతాయి. ముందురోజే ఖాతా తెరిచి, మీ బ్యాంకు ఖాతా నంబరు (ఐబాన్) దగ్గర పెట్టుకోండి. సీటు దొరికాక రెండు వారాలు మానేస్తే మళ్ళీ మొదటి మెట్టు దగ్గరికే వస్తారు. ఆట అయ్యాక అందరూ ఎక్కడికో తినడానికి వెళ్తుంటే కలవండి, అసలు పరిచయాలు అక్కడే అవుతాయి. బీరు తాగాలన్న పట్టింపేమీ ఉండదు, ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె చెబితే ఎవరూ ప్రశ్నించరు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం మరవొద్దు. బిల్లు ఎవరిది వాళ్ళే కడతారు, అందరిదీ మీరే కట్టేస్తే వాళ్ళు ఇబ్బంది పడతారు.

భాషా టాండెం తర్వాతి మెట్టు: మీరు వాళ్ళకు ఇంగ్లిషో తెలుగో నేర్పితే, వాళ్ళు మీకు జర్మన్ నేర్పుతారు. గంటలో సగం ఒక భాష, సగం మరోటి అని గడియారం పెట్టుకోకపోతే మొత్తం ఇంగ్లిషులోకి జారిపోతుంది. సాక్సన్ యాస మొదట్లో తికమక పెడుతుంది. క, ట, ప లు గ, డ, బ లుగా వినిపిస్తాయి. చెవికి అలవాటయ్యేదాకా మళ్ళీ చెప్పమని అడగడం తప్పు కాదు. జర్మన్‌లో మధ్యస్థాయి అయిన బీ1 వచ్చాక ఏదైనా ఫెరైన్‌లో, అంటే రిజిస్టరైన స్థానిక సంఘంలో చేరండి. పాటల బృందం, చదరంగం, స్వచ్ఛంద అగ్నిమాపక దళం, ఉమ్మడి తోటలు, ఇలా ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. విద్యార్థి వర్గం దాటి అన్ని వయసుల వాళ్ళనూ కలిసే చోటు ఇదే.

ఇంటికి పిలిస్తే అది పెద్ద అడుగు. ఏడింటికంటే ఏడింటికే. అయిదు నిమిషాలు ఆలస్యమైనా సందేశం పెట్టండి, ముందుగా వెళ్ళడం కూడా బాగుండదు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పే అలవాటు మనకూ ఉంది కాబట్టి అది సులువే. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే కేకు తెస్తారు. ముందురోజే శుభాకాంక్షలు చెబితే అశుభమంటారు, ఆ రోజు దాకా ఆగండి. తిరిగి పిలవడానికి దోసెలు అనువైనవి. బంగాళాదుంప కూరలో కారం తగ్గించి, చట్నీ విడిగా పెడితే అందరూ తింటారు. మాంసం మానేసినవాళ్ళు, పాలు కూడా ముట్టనివాళ్ళు విద్యార్థుల్లో చాలామంది ఉంటారు, నెయ్యి వేసేముందు అడగాలి. దీపావళికో ఉగాదికో హాలు తీసుకుంటే వంటగది సహచరులను కూడా పిలవండి, ఏ తంతు ఎందుకో రెండు ముక్కల్లో చెప్పండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2018 ఆగస్టులో కెమ్నిట్స్‌లో విదేశీయులకు వ్యతిరేకంగా జరిగిన అల్లర్లు దేశమంతా చర్చకు వచ్చాయి. ఇదే నగరం 2025లో యూరప్ సాంస్కృతిక రాజధానిగా నిలిచింది. రెండూ నిజాలే. పగటి జీవితం సాఫీగానే సాగుతుంది. నిరసన ప్రదర్శనలున్న రోజు, ఫుట్‌బాల్ మ్యాచి అయిన రాత్రి ఊరి నడిబొడ్డున ఒంటరిగా తిరగకండి, ఎవరైనా వేధిస్తే పోలీసు నంబరు 110కి ఫోన్ చేయండి.

ఊళ్ళు చూడటానికి దేశమంతా చెల్లే నెలవారీ పాసు, డాయిచ్‌లాండ్ టికెట్ చాలు. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, అనేక యూనివర్సిటీలు సెమిస్టరు ఫీజులో కలిపి పూర్తి ధరలో 60 శాతానికే ఇస్తున్నాయి. ప్రాంతీయ రైళ్ళు, ట్రాములు, బస్సులు దీనిలో వస్తాయి. దూరప్రయాణపు ఐసీఈ, ఐసీ రైళ్ళు రావు. విడిగా కొన్నవాళ్ళు ఆపాలనుకుంటే ఆ నెల పదో తేదీలోగా రద్దు చేయాలి. లేకుంటే మరో నెల డబ్బు పోతుంది.

ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా గొప్పది ఎర్ట్స్‌గెబిర్గె, గనుల కొండలు. 1168లో ఫ్రైబెర్గ్ దగ్గర వెండి బయటపడింది, 1765లో అక్కడే గనుల విద్యాలయం పెట్టారు, 2019లో ఈ గనుల ప్రాంతం చెక్ దేశపు భాగంతో కలిపి యునెస్కో జాబితాకెక్కింది. ఫ్రైబెర్గ్‌లో రైషె ట్సెఖె గనిలోకి దాదాపు 150 మీటర్ల లోతుకు దింపుతారు. ఏడాది పొడుగునా లోపల పది డిగ్రీల దగ్గరే ఉంటుంది, జూలైలో వెళ్ళినా స్వెటరు కావాలి. ముందుగా బుక్ చేసుకోకపోతే తిరిగి రావాల్సిందే. కెమ్నిట్స్, డ్రెస్డెన్‌ల మధ్య రైలు ఇక్కడ ఆగుతుంది కాబట్టి రాత్రి బస అక్కర్లేదు.

ఈ కొండల అసలు అందం అడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్ ముందరి నాలుగు వారాల్లో. ప్రతి కిటికీలో వంపు తిరిగిన దీపాల చట్రం వెలుగుతుంది. గనికార్మికుల ఊరేగింపులు అడ్వెంట్ మొదటి ఆదివారానికి ముందురోజు కెమ్నిట్స్‌లో మొదలై, నాలుగో ఆదివారం ఆనాబెర్గ్‌లో ముగుస్తాయి. నల్ల దుస్తులు, ఈకల టోపీలు, ఇత్తడి వాయిద్యాలు. చూసేవాళ్ళు ‘గ్లూక్ ఔఫ్’ అంటారు, అది గనిలోకి దిగేవాళ్ళ పలకరింపు. ఆనాబెర్గ్‌లో సెయింట్ ఆనా చర్చిలోకి తప్పక వెళ్ళండి, బలిపీఠం వెనకవైపున హాన్స్ హెస్సె అనే చిత్రకారుడు 1521లో గని పనినంతా బొమ్మ కట్టాడు. చాలామంది ముందువైపే చూసి వచ్చేస్తారు. కొయ్యబొమ్మల ఊరు జైఫెన్‌కు రైలు లేదు, ఓల్బెర్న్‌హావ్ నుంచి బస్సు. అడ్వెంట్ వారాంతాల్లో అక్కడ గదులు చాలా ముందే అయిపోతాయి, మంగళ, బుధవారాల్లో పగటిపూట వెళ్ళిరావడమే తెలివైన పని. డ్రెస్డెన్‌లో 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ సంత ష్ట్రీట్సెల్‌మార్క్ట్ చూడాల్సిందే, వారాంతపు సాయంత్రం మాత్రం వద్దు. వేడి పానీయం కప్పుకు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బిచ్చేస్తారు. మద్యం వద్దంటే పిల్లల పంచ్ అడగండి.

డ్రెస్డెన్‌లోని నోయిష్టాట్ పేటలో హాస్టళ్ళు చవకే, కానీ రాత్రంతా వీధి మేలుకునే ఉంటుంది. నిద్ర కావాలంటే యూత్ హాస్టల్ మేలు. సభ్యత్వ కార్డు తప్పనిసరి, 26 ఏళ్ళ లోపువాళ్ళకు చందా తక్కువ, అల్పాహారం, దుప్పట్లు మామూలుగా ధరలోనే ఉంటాయి. డ్రెస్డెన్‌లో గది ధరపై నగర పన్ను అదనం.

బాస్టై రాతి వంతెనకు డ్రెస్డెన్ నుంచి ఎస్1 రైల్లో రాటెన్ దిగి, ఎల్బె నది పడవలో దాటాలి. పడవకు విడిగా డబ్బు ఉంచుకోండి. ఎక్కడానికి ముప్పావు గంట. దిగేటప్పుడు వచ్చిన దారిన కాకుండా ష్వేడెన్‌లోహర్ ఇరుకు లోయ మీదుగా దాదాపు 700 మెట్లు దిగితే జనం పలచబడతారు. వానపడితే ఆ మెట్లు జారతాయి, మామూలు స్నీకర్స్ పనికిరావు. లైప్‌జిగ్‌లో సంగీతకర్త బాఖ్ 1723 నుంచి 1750 దాకా పనిచేసిన థోమాస్ చర్చిలో శుక్రవారం సాయంత్రం ఆరింటికి, శనివారం మధ్యాహ్నం మూడింటికి మోటెట్టె అనే బృందగాన ప్రార్థన ఉంటుంది. కార్యక్రమ పత్రం కొనడమే టికెట్, కొద్ది యూరోలే. అది ప్రార్థన కాబట్టి చప్పట్లు కొట్టరు. స్కూలు సెలవుల్లో బాలుర బృందం పాడదు, తేదీ చూసుకుని వెళ్ళండి.

నవంబరులో ఒక బుధవారం దుకాణాలన్నీ మూసి కనబడితే ఆశ్చర్యపోవద్దు. బూస్ ఉంట్ బేట్‌టాగ్ (పశ్చాత్తాప, ప్రార్థనల రోజు) సెలవు జర్మనీ మొత్తంలో సాక్సనీకి మాత్రమే ఉంది. ముందురోజే పాలు, కూరలు తెచ్చుకుని, ఆ రోజు ఇంట్లో ఉండే వంటగది సహచరులతో కలిసి వండుకోవచ్చు.

ఈస్టరుకు బౌట్సెన్ వెళ్ళండి. సోర్బులనే చిన్న స్లావ్ జాతి వాళ్ళ భాష ఇక్కడ వీధి బోర్డుల మీద జర్మన్‌తో పాటు ఉంటుంది. ఈస్టరు ఆదివారం పొడవాటి టాప్ హ్యాట్‌లు పెట్టుకున్న రౌతులు గుర్రాల మీద పాడుతూ ఊరి నుంచి ఊరికి సాగుతారు. పల్లెల ఊరేగింపులకు కారు కావాలి, ఆ రోజు బస్సులు అరుదు. కారు లేనివాళ్ళు బౌట్సెన్ నుంచి రాడిబోర్ వెళ్ళే ఊరేగింపును ఊళ్ళోనే చూడొచ్చు. అది ఉదయమే బయల్దేరుతుంది, డ్రెస్డెన్ నుంచి తొలి రైళ్ళు అందుకోవాలి, లేదా శనివారం రాత్రికే చేరాలి. గుర్రాలకు మరీ దగ్గరగా వెళ్ళి ఫొటోలు తీయకండి, ఫ్లాష్ అసలు వద్దు. కొన్ని వారాల ముందు అక్కడే మైనంతో రంగులద్దిన గుడ్ల సంత జరుగుతుంది. కొందరు కళాకారులు అక్కడే కూర్చుని ఈకతో చుక్కలు పెట్టి చూపిస్తారు, అడిగితే పద్ధతి ఓపిగ్గా చెబుతారు.