రాత్రి తొమ్మిదికి నెట్ ఆపే రౌటర్: రెండేళ్లు వాడాక

పిల్లల ఫోను వాడకాన్ని అదుపులో పెడతామనే సౌకర్యాల్లో నాకు నిజంగా పనికొచ్చింది ఒక్కటే: వైఫై రౌటర్‌లో ఉండే వేళల పట్టిక. ఏ పరికరానికి ఎప్పుడు నెట్ ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో అందులో రాసిపెడితే చాలు. వేగం, యాంటెన్నాల సంగతి ఎవరైనా చెబుతారు, నేను ఎత్తను. ఇన్నాళ్లూ ఈ రౌటర్‌ను మార్చకపోవడానికి కారణం ఆ పట్టికే.

దానివల్ల వచ్చిన సుఖం ఏమిటంటే, తిట్టే పని నాకు తప్పింది. అంతకుముందు తొమ్మిదయ్యేసరికి ఫోను లాక్కోవడం నా వంతు, "అయిదు నిమిషాలమ్మా" అనడం మా అబ్బాయి వంతు. ఆ అయిదు నిమిషాలు పదింటికి తేలేవి. రౌటర్ దగ్గర బేరాలు సాగవు. మూడో తరగతి చదివే మా అమ్మాయి మొదట్లో దాని దగ్గరికి వెళ్లి ఆకుపచ్చ దీపాల వంక గుర్రుగా చూసి వచ్చేది. నా మీద మాత్రం కోపం లేదు! అయిదు నుంచి పదేళ్ల పిల్లలు తెర ముందు గడిపేది రోజుకు రెండు గంటల లోపే ఉండాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అంటోంది. అందుకే అమ్మాయి ట్యాబ్‌కు ఏడు నుంచి తొమ్మిది వరకే నెట్ ఇచ్చాను, మధ్యలో ఎలాగూ భోజనం ఉంటుంది. ఇక చాలని రోజూ చెప్పే పాపిష్టి నోరు ఎవరిదన్నదే ఇళ్లలో తగవు. మా ఇంట్లో అది రౌటర్‌ది.

ఇంతకీ అసలు కథ నిరుడు వేసవి సెలవుల్లో జరిగింది. ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మా వాడు తొమ్మిదికి గొణగడం మానేశాడు. నోరెత్తకుండా గదిలోకి వెళ్లిపోతున్నాడు. "పిల్లవాడికి బుద్ధి వచ్చింది" అని అత్తయ్యగారు మురిసిపోయారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. పదమూడేళ్ల వాడికి బుద్ధి అంత చప్పుడు లేకుండా రాదు.

ఒక రాత్రి పదిన్నరకు రౌటర్ పేజీ తెరిచి, ఆ సమయంలో నెట్ ఎవరెవరు వాడుతున్నారో చూశాను. టీవీ ఉంది, మా ఇద్దరి ఫోన్లు ఉన్నాయి. నాలుగోదానికి పేరు లేదు.

రౌటర్ ఫోనును గుర్తుపట్టేది మ్యాక్ అడ్రసుతో, అంటే అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన ఒక గుర్తింపు సంఖ్యతో. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోను మామూలుగా తన అసలు అడ్రసు బయటపెట్టదు. ఒక్కో వైఫై పేరుకు ఒక్కో అడ్రసు కల్పించుకుని చూపిస్తుంది. ఊళ్లో తిరిగేటప్పుడు మన జాడ ఎవరూ తీయకుండా పెట్టిన రక్షణ అది, మంచిదే. మా రౌటర్‌కేమో రెండు పేర్లు: ఒకటి మామూలుది, రెండోదానికి చివర 5జీ అని ఉంటుంది. పాస్‌వర్డ్ రెంటికీ ఒకటే. తొమ్మిది కాగానే మా వాడు మొదటి పేరు వదిలి రెండోదానికి మారుతున్నాడు. అదే ఫోను కొత్త అడ్రసుతో వస్తే రౌటర్ కంటికి అది ఎవరో చుట్టం! ఇలా కల్పించుకున్న అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటై ఉంటుంది. ఆ పేరులేనిదానిలో 'ఇ' ఉంది.

అడిగితే దాచలేదు. "ఈ ఫోనును ఆపమని నువ్వు దానికి చెప్పావు. ఇదే ఆ ఫోనని దానికి తెలియకపోతే నేనేం చేయనమ్మా?" అన్నాడు. వాళ్ల నాన్న నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయారు.

రెండు పేర్లనూ ఒకటి చేసి, పట్టికను తిరగరాశాను. తొమ్మిది తర్వాత నేను రాసిన పరికరాలకు తప్ప మరి దేనికీ నెట్ లేదు. దాంతో ఆ దారి మూసుకుంది గానీ, ఇబ్బంది చుట్టాలకు వచ్చింది. సంక్రాంతికి వచ్చిన మా అన్నయ్య పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టి, నెట్ రాక, ఫోను పాడైందేమోనని రెండుసార్లు ఆపి తెరిచాడు. "మీ ఫోన్లు ఆ జాబితాలో ఎందుకున్నాయి?" అని అబ్బాయి అడిగాక మావి కూడా తీసేశాను. మాకు సిమ్ ఉంది కాబట్టి అది పేరుకే అనుకోండి. ఇప్పుడు మిగిలింది టీవీ ఒక్కటే. అత్తయ్యగారి సీరియల్ జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు.

కరెంటుతో ఇంకో తంటా ఉంది. పోయి వచ్చినప్పుడల్లా మా రౌటర్ గడియారం 1970 జనవరి 1 దగ్గర మొదలవుతుంది. నెట్ నుంచి అసలు సమయం అందేదాకా దానికి రాత్రీ పగలూ తేడా లేదు.

కొత్తలో తెలిసినవాళ్లందరికీ "ఒకసారి పెట్టి మరిచిపోండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు మొదటి సగమే చెబుతున్నాను. అప్పుడప్పుడు ఆ పేజీ తెరిచి చూడక తప్పదు.

మాకు ఇది సాగుతోందంటే, అబ్బాయి వాడేది నా పాత ఫోను, అందులో సిమ్ లేదు. సిమ్ ఉన్న ఫోను ముందు రౌటర్ చేయగలిగింది ఏమీ లేదు. ముందే దింపుకున్న ఆటలకు నెట్ అక్కర్లేదు కాబట్టి వాటినీ ఆపలేదు. అలాంటి ఇళ్లకు గూగుల్ ఫ్యామిలీ లింక్, ఆపిల్ స్క్రీన్ టైమ్ వంటివి, అంటే ఫోనులోనే ఉండి పనిచేసేవి నయం. పదో తరగతి అయ్యాక మా వాడికి సిమ్ ఇవ్వాల్సిందే, అప్పుడు నేనూ వాటివైపు చూస్తాను. అమ్మాయి ట్యాబ్‌లో సిమ్ పెట్టే చోటే లేదు. దానికింకా కొన్నేళ్లు ఈ పట్టిక సరిపోతుందనుకుంటున్నాను, అందుకే రౌటర్‌ను ప్రస్తుతానికి మార్చడం లేదు.